పీపాకు పన్నెండు పిడికిళ్ళు

ఇవాళ తీగ ఇచ్చినవి ఏడు.
నిన్న నాలుగు.
మొన్న వాన వెలిశాక పదకొండు,
అందులో ఒకటి ఆకు చాటున నక్కి నక్కి
నా బూటంత లావెక్కి, పసుపు తిరిగిపోయింది.

వూచ్ నగరం చివర, రైలు కట్టని ఆనుకుని
నాకున్నది మూడు మళ్ళ జాగా.
పక్క మళ్ళ సెవెరిన్ గారు కంచె మీంచి వంగి అడుగుతాడు:
"ఏడు కాయలకి ఊరగాయేమిటి మిరోస్లావా,
ఉప్పద్దుకుని తినెయ్యరాదూ?"

తినెయ్యొచ్చు.
కానీ అమ్మ కాగితం ఒకటుంది నా దగ్గర,
మిల్లు జీతం చీటీ వెనక, పెన్సిలుతో:
పీపా నిండా కాయలు.
ఉప్పు పన్నెండు పిడికిళ్ళు.
సోయకూర పూత, కొడవలికి వచ్చినంత.
క్షాన్ ఆకులు ఆరు. వెల్లుల్లి దొరికితే.
మంచు పడేదాకా మూత తీసినవాళ్ళ చెయ్యి విరుస్తాను.

పదకొండు మంది తినే ఇల్లు అది.
ఇప్పుడు తినేది నేనూ, ఎప్పుడైనా సెవెరిన్ గారూ.

ట్రామ్ డిపోలో ముప్పై ఏళ్ళు లెక్కలు రాసినదాన్ని,
భాగహారం నాకో లెక్కా?
ముప్పై ఆరు జాడీల పీపా.
పిడికెడు ఉప్పు తీసి మూడు కుప్పలు చేస్తే
ఒక కుప్ప ఒక జాడీకి.
ముక్కులోకి ఆవపిండిలా ఎక్కే ఆ ఆకుని
కత్తెరతో చీలికలు చేశాను.
రోజుల దగ్గరే లెక్క మొరాయించింది:
పీపా ఊరడానికి ఎన్నాళ్ళో
ఒక్క కాయ ఊరడానికీ ఇంచుమించు అన్నాళ్ళే.

మొదటి ఏడు, ఉప్పుకషాయం.
సెవెరిన్ గారు నమిలి, నమిలి,
"బాగుంది" అని మంచినీళ్ళడిగాడు.
రెండో ఏడూ అంతే.
ఉప్పుని తిట్టాను, కుళాయి నీళ్ళని తిట్టాను,
అమ్మది హస్తవాసి, మనది కాదులే అనుకుని
జాడీలు బోర్లించేశాను.

ఈ జూలైలో కంచె తీగ గీరుకుని
కుడి చూపుడు వేలికి కట్టు.
కట్టుకి ఉప్పు తగిలితే భగ్గుమంటుందని
వేలు పైకెత్తి
మిగతావాటితోనే తీశాను పిడికెడు.

మూడో రోజుకి నీళ్ళు మబ్బేశాయి.
నాలుగో రోజు నురగ మూత దాటి పళ్ళెంలోకి దిగింది.
ఆరో రోజు ఒకటి తీసి కొరికాను.
చప్పుడు.
ఆ తర్వాత పులుపు. పులుపు వెనకాల, ఆలస్యంగా, ఉప్పు,
ఎంతుండాలో అంతే.

కొరికిన ముక్క నోట్లో ఉండగానే
అమ్మ చెయ్యి కనబడింది.
నేను పుట్టకముందే మగ్గం తినేసిన చూపుడు వేలు.
అది లోటని నాకెప్పుడూ తెలీదు.
అమ్మ చెయ్యంటే నాకు ఆకారమే అది.
అంకెలు నేర్పేటప్పుడు తన వేళ్ళ మీద తొమ్మిదిదాకా వచ్చి
పదికి నా వేలు పట్టుకునేది.
అందరమ్మలూ అలాగే లెక్కపెడతారనుకున్నాను.

పిడికిలి అని రాసింది లియోకాదియా.
ఎవరి పిడికిలో రాయలేదు.
రాయాలని తోచి ఉండదు.

కట్టు విప్పేసి మూడు వారాలు.
ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టగానే
ఆ వేలు దానంతటదే పైకి లేస్తోంది.
కంచె అవతల్నుంచి సెవెరిన్ గారు చూసి
ఇంకా నొప్పేనా అంటాడు.
లేదంటాను. అంతకన్నా చెప్పను.

చన్నీళ్ళలో ఇవాళ్టి ఏడూ తేలుతున్నాయి.
ముళ్ళు రుద్ది, పూత కొసలు కోసి
నిలువునా ఇరికిస్తాను,
పైన సోయకూర గొడుగు, చెర్రీ ఆకు రెండు,
మునిగి ఉండడానికి ఏటి రాయొకటి.

ఆరే పట్టాయి.
ఏడోది వంకర. ఎటు తిప్పినా మూతికి అడ్డం.

దాన్ని ఉప్పద్దుకుని
మడిలో నిలబడే తినేస్తున్నాను.